నలభై ఆరో పేజీ

ఆ గురువారం ఇంట్లో ఉన్నది వీళ్లు. హాల్లో పడక్కుర్చీలో నానమ్మ, ఒళ్లో తాతయ్య కోటు, చేతిలో ఇత్తడి గుండీలు తోమే గుడ్డ. భోజనాల బల్ల దగ్గర పెదనాన్న, కాలేజీకి సెలవు పెట్టి మరీ. కిటికీ పక్కన నాన్న, తాతయ్య జేబుగడియారం విప్పుకుని. వంటింట్లో అమ్మ. బల్లకి ఈ చివర నేను. గోడమీద ఫోటోలో తాతయ్య. పోయి రెండు నెలలైనా ఆయన్ని ఇంట్లో ఉన్నవాళ్లలోంచి తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

నాలుగింటికి మ్యూజియం ఆవిడ వస్తుంది. అప్పటికి రెండున్నర.

"ఇది ఎవరు రాయమన్నారు నిన్ను?" అన్నారు పెదనాన్న.

ఆయన చేతిలో ఉన్నది నేను వారం రోజులుగా రాస్తున్న జాబితా. తాతయ్య సైన్యంలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి కల్నల్‌గా రిటైరయ్యారు. ఆయన కాగితాలూ వస్తువులూ అన్నీ సైనిక మ్యూజియం తీసుకుని, ఆయన పేరుతో ఒక గది ఇస్తుంది. దానికి ముందు ఇంట్లోవాళ్లు జాబితా రాసివ్వాలి. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకు పడింది. ఈ ఇంటికి వచ్చాక నేను పనికొచ్చిన మొదటి పని అది.

బల్ల నిండా ఆయనే. పతకాల పెట్టె, తోలు సంచిలో దిక్సూచి, ఈల, మడతల దగ్గర గుడ్డ అంటించిన మ్యాపులు, బూటు లేసుతో కట్టిన ఉత్తరాల కట్టలు, గడ్డం గీసుకునే కత్తి, ఎవరిదో తెలియని ఒక ఎడమచేతి తొడుగు. అన్నిటికన్నా ఎక్కువ చోటు నకలు పుస్తకాలది. పద్నాలుగు.

తాతయ్య ఏ ఉత్తరం రాసినా నకలు పుస్తకంలోనే రాసేవారు. అందులో ప్రతి నెంబరుకీ రెండు కాగితాలు. పైన తెల్లది. దాని మీద పెన్సిలుతో నొక్కి రాస్తే, మధ్యలో పెట్టిన కార్బన్ వల్ల కింద పసుపు కాగితం మీద నీలంగా పడుతుంది. తెల్లది చింపి పంపుతారు. పసుపుది పుస్తకంలో ఉండిపోతుంది. పోయిన వారం మ్యూజియం ఆవిడ నాకు నేర్పింది ఇదే.

"తెల్లది లేకపోతే పంపినట్టు. ఉంటే పంపనట్టు. నీకేమనిపించిందో కాదమ్మా, కంటికి కనపడిందే రాయి" అంది.

కంటికి కనపడిందే రాశాను. ఆరో పుస్తకం, నలభై ఆరు. తెల్లది పుస్తకంలోనే ఉంది. పంపలేదు.

"ఎవరూ రాయమనలేదండీ" అన్నాను.

"గట్టిగా చెప్పు."

పెదనాన్న మాట్లాడుతుంటే ఎప్పుడూ ఎదురుగా మూడొందలమంది పిల్లలు ఎండలో వరసకట్టి నిలబడినట్టే ఉంటుంది. కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యాక ఇంట్లో కూడా గొంతు తగ్గించడం మరిచిపోయారు.

"చదివావా దాన్ని?"

తల ఊపాను.

"ఎవరికైనా చెప్పావా?"

అడ్డంగా ఊపాను. నిజంగానే చెప్పలేదు. డైరీలో రాసుకున్నాను, అంతే. అది కూడా మొత్తం రాయలేక మధ్యలో ఆపేశాను.

"ఏమిట్రా గోల?" అంది నానమ్మ.

"ఏం లేదమ్మా. ఓ పనికిమాలిన కాగితం."

"పనికిమాలినదానికి అంత అరుపెందుకు? నన్నూ విననీ. చదవవే పిల్లీ."

నడిస్తే చప్పుడు కాదని నానమ్మ నాకు పెట్టిన పేరు అది.

"అమ్మా, ఇప్పుడు టైం లేదు..."

"నీతో కాదు నేనన్నది. చదువు."

లేచి నిలబడ్డాను. బళ్లో అలవాటు, కూర్చుని చదవలేను. వంటింటి గుమ్మంలోకి అమ్మ వచ్చి నిలబడడం తల ఎత్తకుండానే తెలిసింది.

చదివాను.

"అమ్మా, వాగు దాటమన్నది నేను. మీ భర్త వద్దన్నాడు. రెండుసార్లు వద్దన్నాడు. రాత్రి వాన పడింది, నీళ్లు పెరిగాయి, అవతలి గట్టున శత్రువులున్నారు సార్ అన్నాడు. నీళ్లు మోకాలి దాకా కూడా రావని మ్యాపు చూపించి చెప్పాను. ఆ మ్యాపు..."

అక్కడ పెన్సిలు రాత అరిగిపోయింది. ఎవరో ఆ మాట మీద పదే పదే వేలు పెట్టి రుద్దినట్టు, తెలుపు మీద బూడిదరంగు మరక ఒక్కటే మిగిలింది.

"ఎండాకాలంలో" అంది అమ్మ మెల్లగా. అందుకుని చదివాను.

"ఎండాకాలంలో గీసినది. అది నేను చూసుకోలేదు. పిరికివాడివా అని అడిగాను. అందరి ముందూ అడిగాను. ఆ తరవాత ఆయన ఇంకేమీ అనలేదు. తన మనుషులు అయిదుగురినీ వెంటబెట్టుకుని దిగాడు. ఆరుగురూ తిరిగి రాలేదు. ఇది మీకు తెలియాలి."

కూర్చున్నాను.

ఆ 'అమ్మా' అన్నది మా అమ్మమ్మని. ఆ వాగు దిగినాయన మా అమ్మ తండ్రి.

తరవాతి పేజీ, నలభై ఏడు, నేను తెరవక్కరలేదు. దాని తెల్ల కాగితం అమ్మమ్మ ఇంట్లో, ట్రంకుపెట్టెలో, పెళ్లిచీర మడతలో ఉంది. నన్ను నాలుగేళ్లప్పుడు ఊళ్లో అమ్మమ్మకి తోడుగా వదిలేశారు. అక్కడి బళ్లోనే పదో తరగతి దాకా చదివాను. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన రోజు నుంచి ఆ ఉత్తరం అమ్మమ్మకి చదివి వినిపించేదాన్ని. నాకది నోటికి వచ్చు. 'మీ భర్త నా కింద పనిచేసినవాళ్లలో అందరికన్నా ధైర్యవంతుడు. ఆ ఉదయం ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురుచూడక, తన నిర్ణయంతోనే తన మనుషులను తీసుకుని వాగు దాటాడు.'

అమ్మమ్మకి ఆ మాటలు పతకం. పక్కింటి మామ్మకి అవే మాటలు ముల్లు. ఆ అయిదుగురిలో ఒకడు మామ్మ కొడుకు. "ఎవరూ చెప్పకుండానే తీసుకెళ్లాడటగా నీ మొగుడు! మా వాణ్ణి చంపడానికేనా ఆ ధైర్యం?" అని ఆ ఏడాది అడిగిందట. అదే ఆఖరు మాట. ముప్ఫై ఏళ్లుగా మధ్యలో ఒక్క గోడే. అమ్మమ్మ వీధిలోకి వస్తే మామ్మ కుర్చీ అటు తిప్పుకుంటుంది. నేను కళ్లారా చూస్తూ పెరిగాను.

హాల్లో నాన్న చేతిలో పట్టకారు చివర చిన్న పళ్లచక్రం అలాగే ఉంది.

"ఓహో" అన్నాడు నాన్న. "ఉత్తరం పంపలేక నాకు పెళ్లి చేశాడన్నమాట."

"నోరు ముయ్యి" అన్నారు పెదనాన్న.

"నిజమేగా అన్నయ్యా. చచ్చిపోయిన సిపాయి కూతుర్ని కోడల్ని చేసుకున్నాడు, ఎంత పెద్ద మనసు అని ఊరూ వాడా చెప్పుకున్నారు. నేనూ నమ్మాను. గడియారాలు బాగుచేసేవాడికి ఇంతకన్నా మంచి సంబంధం రాదులే అని నన్నన్నాడు. గుర్తుందా నీకు?"

"మీ ఆవిడ వింటోందిరా!"

"విననీ. ఆవిడ గురించేగా."

అమ్మ ముఖం చూడలేకపోయాను. వెనక్కి తిరిగి స్టవ్ ఆపింది. ఆ చిన్న శబ్దం హాలంతా వినిపించింది.

నానమ్మ గుండీ తోమడం మాత్రం ఆపలేదు. "పెద్ద మనసే" అంది. "ఆ కొంపలో ఆడపిల్లకి దిక్కెవరు? ఈ ఇల్లు చూపించాడు. ఇరవై ఏళ్లుగా ఈ కప్పు కింద ఉంది. ఇంకొకడైతే ఉత్తరమూ రాయడు, ఇల్లూ చూపించడు."

"నీకు ముందే తెలుసా అమ్మా?" అన్నాడు నాన్న.

"పెళ్లిమాటలకి వెళ్తూ దారిలో చెప్పాడు. దిగేలోపు మరిచిపొమ్మన్నాడు. మరిచిపోయాను."

"అంత తేలిగ్గానా?"

"మొగుడు సైన్యంలో ఉంటే ఆడదానికి మరుపే కూడు పెడుతుందిరా. నీకేం తెలుసు, కూర్చుని ముళ్లు తిప్పుకునేవాడివి."

పెదనాన్న గడియారం చూసుకున్నారు. "సరే, అయిందేదో అయింది. ఈ కాగితం గడప దాటకూడదు. ఏడాది తిరిగాను ఆ గది కోసం. ఏదే అది, చూపించు."

చూపించాను. తెల్ల కాగితాన్ని చిల్లుల గీత వెంబడి చర్రున చింపారు. నానమ్మ చెయ్యి చాపి అందుకుని ఎనిమిది మడతలు పెట్టి కళ్లజోడు పెట్టెలో వేసి మూసింది.

"జాబితాలో ఆ వాక్యం చెరిపెయ్యి."

"నెంబర్లు ఉంటాయి అన్నయ్యా" అన్నాడు నాన్న, తల ఎత్తకుండా.

"అయితే ఖాళీ అని రాస్తుంది. నలభై ఆరు, ఖాళీ. రాయవే."

రబ్బరుతో చెరిపాను. రాశాను. గుండ్రంగానే రాశాను.

అప్పుడు కనపడింది. పుస్తకంలో తెల్లది చింపిన చోట పసుపు కాగితం ఉంది. నీలం అక్షరాలతో ప్రతి మాటా ఉంది. తండ్రి పోయేదాకా పెదనాన్న ఆ పుస్తకాలు ముట్టుకోలేదు. ఒక్కో నెంబరుకి రెండేసి ఉంటాయని ఆయనకి తెలియదు. ఆ పసుపుది నలభై ఏడనుకుని పుస్తకం మూసేశారు.

నేను నోరు విప్పలేదు.

అది పిరికితనమని ఎవరైనా అనుకోవచ్చు. అది కాదు. లోపల ఎగిరి గంతేసినంత సంతోషంగా ఉంది. మ్యూజియంకి వెళ్లిపోతుంది, అక్కడ ఎవరో ఒకరు చదువుతారు, అమ్మమ్మ మీద పడ్డ మాట కొట్టుకుపోతుంది, నేను ఎవరికీ ఎదురు చెప్పక్కరలేదు. పిల్లిలాగే చప్పుడు లేకుండా గెలిచాననుకున్నాను. నాన్న ఒక్కసారి నా వంక చూసి మళ్లీ భూతద్దం కంటికి పెట్టుకున్నాడు.

మ్యూజియం ఆవిడ సరిగ్గా నాలుగింటికి వచ్చింది. టీ వద్దంది. కాగితాల దగ్గర తడి వస్తువు ఏదీ ఉండకూడదట. తెల్లటి నూలు తొడుగులు వేసుకుని, నా జాబితా ఒక చేత్తో పట్టుకుని, ఒక్కొక్కటీ చూసి పెన్సిలుతో టిక్కు పెడుతూ వచ్చింది. ఎడమచేతి తొడుగు దగ్గర ఆగి, "దీన్ని వదిలెయ్యలేదు, మంచి పిల్లవి" అంది. చెవులు వేడెక్కాయి.

ఆరో పుస్తకం తెరిచింది.

"నలభై ఆరు ఖాళీ అని రాశావేంటమ్మా? ఇక్కడ ఉందిగా."

పెదనాన్న కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయారు.

ఆవిడ చదివింది. ఆఖరికి వచ్చి మళ్లీ మొదలుపెట్టింది. తరవాత నలభై ఏడు చదివింది. రెండు పేజీల మొదట్లోనూ చింపిన అంచుని వేలితో తడిమింది. నేను ఆవిడ పెదాల వంకే చూస్తున్నాను. ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది.

"రెండూ పంపారు" అంది. "తెల్లవి రెండూ లేవు. ముందు నిజం రాసి పంపారు. వెంటనే ఆ ఇంటివాళ్లు పదిమందికీ చూపించుకోవడానికి గౌరవంగా ఇంకొకటి రాసి పంపారు."

నా చేతిలో పెన్సిలు జారి బల్ల కిందకి దొర్లింది.

"ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో వేల ఉత్తరాలు చూశానండీ" అంది ఆవిడ. "తప్పు నాదే అని చనిపోయినవాడి భార్యకి రాసి పంపిన అధికారిని చూడలేదు. ఎంత గొప్ప మనిషండీ మీ నాన్నగారు! గదిలో అడుగు పెట్టగానే ఇదే కనపడాలి. అద్దాలపెట్టెలో, మధ్యలో."

పెదనాన్న ముఖంలోకి రక్తం తిరిగి రావడం నేను చూశాను. ముందు చెవులకి, తరవాత బుగ్గలకి. నిదానంగా కుర్చీలో కూర్చున్నారు.

"అవునండీ" అన్నారు. "నాన్నగారు అంతే. దాపరికం తెలియని మనిషి. ఖాళీ అన్నది మా పిల్ల తొందరలో రాసుంటుంది. పల్లెటూరి బడి కదా."

నాన్న నవ్వాడు. నవ్వు కాదది, ముక్కులోంచి గాలి వదిలాడు.

"ఆ ఇంటివాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో తెలుసాండీ?" అంది మ్యూజియం ఆవిడ.

"ఇక్కడే" అంది నానమ్మ. "మా చిన్నకోడలు ఆయన కూతురే."

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. గుమ్మంలో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్లింది. "అమ్మా, అయితే ఈ ఉత్తరం మీ ఇంటికి వచ్చినప్పుడు మీకు తెలుసా? అసలు ప్రతి మీ అమ్మగారి దగ్గర ఉందా?"

"పంపలేదండీ."

అన్నది నేను. ఆ గొంతు నాదేనని నాకే కాసేపు తెలియలేదు. అందరూ నావైపు తిరిగారు. పెద్దవాళ్ల మధ్య ఎవరూ అడక్కుండా నేను మాట్లాడడం అదే మొదలు.

"ఏమిటమ్మా?"

"నలభై ఆరు పంపలేదండీ. ఇందాకటిదాకా తెల్లది... పుస్తకంలోనే..." నా చూపు నానమ్మ ఒళ్లోకి వెళ్లింది. నానమ్మ కళ్లజోడు పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. కళ్లజోడు లేకుండానే నా వంక సూటిగా చూసింది. "అమ్మమ్మకి ఒక్క ఉత్తరమే వచ్చింది. రోజూ నేనే చదివేదాన్ని. ఇంకోటి రాలేదు. అమ్మా, చెప్పు."

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేని చేతులు. ఒక్కో వేలూ తుడుచుకుంది.

"వచ్చిందండీ" అంది.

"అమ్మా!"

"రెండూ వచ్చాయి. నాకప్పుడు పన్నెండేళ్లు. ఒకటి అమ్మ ఎవరికీ చూపించలేదు. తరవాత ఏం చేసిందో నాకు తెలియదు."

మ్యూజియం ఆవిడ నా జాబితాలో 'ఖాళీ' అన్నదాన్ని చెరిపి, తన చేత్తో 'పంపినది' అని రాసింది. నా అక్షరాల పక్కన ఆవిడ అక్షరాలు సన్నగా, వాలుగా ఉన్నాయి.

"ఆదివారం మీ ఊరు వెళ్తానమ్మా. పెద్దావిడతో మాట్లాడాలి. ఎందుకు దాచారో ఆవిడ నోటితో వింటే ఆ గదికి అంతకన్నా ఏం కావాలి!" అంది. అడ్రసు పెదనాన్న చెప్పారు. పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంది. బండి దాకా ఒక పెట్టె నాన్నే మోశాడు.

అమ్మ వంటింటి వెనక గదిలోకి వెళ్లిపోయింది. వెంట పడ్డాను.

"ఎందుకలా అన్నావు?"

అమ్మ దుప్పటి మడత పెడుతోంది. అది పొద్దున నేను మడత పెట్టిందే. విప్పి మళ్లీ పెడుతోంది.

"ఆదివారం ఆవిడ వెళ్లి అమ్మమ్మని అడుగుతుంది. గోడ అవతల మామ్మ వింటుంది. తెలిసి తెలిసి ముప్ఫై ఏళ్లు దాచిందంటుంది. ఇన్నాళ్లూ ధైర్యం చేసి చంపాడన్నారు, ఇప్పుడు అమ్మమ్మని అబద్ధాలకోరు అంటారు. అమ్మమ్మ ఏం చేసిందని?"

"అననీ."

"అననీనా?"

"ఊరు ఒక రోజు అంటుంది, రెండు రోజులు అంటుంది. పడటం అమ్మకి అలవాటే." దుప్పటి అంచులు కలవలేదు. మళ్లీ విదిలించింది. "మీ తాతయ్య మంచాన పడ్డ రెండేళ్లూ అన్నం కలిపి నోట్లో పెట్టింది ఎవరు? ఈ చెయ్యి. పొద్దునా సాయంత్రం ఈ చెయ్యే. అమ్మ మొగుణ్ణి పిరికివాడివా అని నీళ్లలోకి తోసిన నోరది. అది అమ్మకి తెలిస్తే నా మొహం చూస్తుందా?"

"నీకు తెలియక పెట్టావుగా అమ్మా. నీకూ ఈరోజేగా తెలిసింది. అమ్మమ్మకి నేను చెప్తాను. తెలియక చేసిన పనికి..."

"అవును. నాకూ ఈరోజే తెలిసింది" అంది అమ్మ, నా వంక చూడకుండా.

ఆ మాట మామూలుగానే అంది. అందుకే మళ్లీ వినిపించింది, మధ్యాహ్నం అదే గుమ్మంలోంచి, అంతే మామూలుగా అన్న ఇంకో మాట. తాతయ్య గదిలో పుస్తకాల అర ప్రతి వారం దులిపేది ఎవరో గుర్తొచ్చింది. తెల్ల కాగితం మీద ఒక్క మాట దగ్గరే అరిగిపోయిన పెన్సిలు రాత గుర్తొచ్చింది.

"అమ్మా" అన్నాను. "నేను చదువుతుంటే ఒక మాట చెరిగిపోయి కనపడలేదు. నువ్వు అందించావు. ఎండాకాలంలో అని. అదెలా తెలిసింది నీకు?"

దుప్పటి ఆగింది.

అమ్మ నా దగ్గరికి వచ్చింది. ముంగురులు సర్దుతుందనుకున్నాను. నా భుజం పట్టుకుని, నొప్పి పుట్టకుండా, ఒక్క అడుగు వెనక్కి జరిపింది. గడప ఇవతలికి.

తలుపు వేసుకుంది.